చదరపు గళ్ళలో గుండ్రని అక్షరాలు: ఖరగ్‌పూర్‌లో రెండు రోజులు

ఖరగ్‌పూర్ అనగానే మన తరం వారికి ముందుగా గుర్తుకు వచ్చేది అక్కడి ప్లాట్‌ఫారం. 1072.5 మీటర్ల పొడవు గల ఆ ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని పోటీ పరీక్షల పుస్తకాలలో వల్లె వేసినవారు మన సంస్థలోనే ఎందరో ఉంటారు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ కీర్తిని అందుకున్నాయి. రికార్డు చేతులు మారినా, ఆ ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు సామాను మోసుకొని నడిచేవారి కాళ్ళకు మాత్రం దూరం ఏమీ తగ్గలేదు.

ఆ స్టేషనులో ఊరి పేరు మూడు లిపులలో కనిపిస్తుంది: బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు. అయితే బోర్డు కింద నిలబడి ఒక్క అయిదు నిమిషాలు చెవి ఒగ్గితే నాలుగవ భాష వినిపిస్తుంది. అది మన తెలుగు. అందులోనూ శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల యాస. టీ అమ్మే కుర్రవానిని హిందీలో పిలిచి, పక్కనున్న భార్యతో తెలుగులో మాట్లాడి, ఎదురుపడిన మిత్రుని బెంగాలీలో పలకరించే మనిషి అక్కడ అరుదైన వ్యక్తి కాడు. చెవికి వినిపించి కంటికి కనిపించని ఈ తెలుగును గురించే ఈ వ్యాసం. దానికి సూది దారాలతో ఏమి సంబంధమో ముందు ముందు మనవి చేస్తాను.

తెలుగువారు అంత దూరం ఎలా వెళ్ళారన్న ప్రశ్నకు జవాబు రైలు పట్టాలలోనే ఉంది. విజయవాడ నుంచి కటక్ వరకు తూర్పు తీరపు రైలు మార్గం 1890లలో పడింది. 1900 నాటికి రూపనారాయణ్ నదిపై కోలాఘాట్ వంతెన పూర్తి కావడంతో కటక్ వైపు నుంచి ఖరగ్‌పూర్ మీదుగా హౌరాకు దారి ఏర్పడింది. 1902లో వాల్తేరు, కటక్‌ల మధ్య భాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ చేతికి వచ్చింది. ఆ కంపెనీయే ఖరగ్‌పూర్‌లో పెద్ద కర్మాగారాన్ని నెలకొల్పింది. వానకు, కరువుకు మధ్య నలిగే పల్లెల ముంగిటి నుంచి బయలుదేరిన రైలు సరాసరి కర్మాగారపు గేటు వద్దకు తీసుకొని వెళుతున్నప్పుడు, చేతిలో బలమున్న యువకులు ఆగుతారా? ఒకరు వెళ్ళి తమ్ముని పిలిపించుకొన్నారు. తమ్ముడు బావమరిదిని పిలిపించుకొన్నాడు. మథురాకాఠీ, నింపురా వంటి పేటలలో తెలుగు కుటుంబాలు ఇలాగే స్థిరపడ్డాయి.

కార్మికోద్యమ చరిత్రలోనూ ఈ ఊరికి ఒక స్థానం ఉంది. 1927లో ఖరగ్‌పూర్ కర్మాగారంలో జరిగిన సమ్మె ఆనాడు దేశాన్ని ఆకర్షించింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించిన వారిలో బరంపురంలో జన్మించిన వి.వి. గిరి గారు ఒకరు. తరువాత 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యారన్నది మనందరికీ తెలిసినదే. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలో వాల్తేరు, ఖరగ్‌పూర్ డివిజన్లు రెండూ ఉండేవి. 2003లో తూర్పు తీర రైల్వే విడివడే వరకు అదే ఏర్పాటు. కనుక ఉద్యోగాలతోపాటు పెళ్ళి సంబంధాలు, పండుగ పిలుపులు, ఊరగాయ జాడీలు ఈ రెండు చోట్ల మధ్య తిరుగుతూనే వచ్చాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును రాష్ట్ర అధికార భాషలలో చేర్చాలని నిర్ణయించినప్పుడు ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల వాంఛ నెరవేరిందని పత్రికలు వ్రాశాయి.

మా పిన్ని కుటుంబం ఆ తెలుగువారిలో ఒకటి. బాబాయిగారు కర్మాగారంలో ఫిట్టరుగా చేరి, అక్కడే పదవీ విరమణ చేసి, అక్కడే ఇల్లు కట్టుకొన్నారు. గత శీతాకాలంలో పిన్ని ఫోను చేసి, "రైల్వే కుటుంబాల ఆడవాళ్ళం చేతిపనుల ప్రదర్శన పెట్టుకొంటున్నాం. రెండు రోజులు సెలవు పెట్టి రా. నీ క్రాస్ స్టిచ్ దిండు గలీబులు ఇంకా ఉంటే అవి కూడా పట్టుకురా" అన్నది. దిండు గలీబులు ఉన్నాయి గాని, వాటిని కుట్టిన ఉత్సాహం నాలో మిగిలి లేదు. సెలవు మాత్రం దొరికింది.

విశాఖపట్నంలో రాత్రి రైలెక్కితే మర్నాడు పగటిపూట ఖరగ్‌పూర్ చేరవచ్చు. తెల్లవారేసరికి ఒడిశా పంటపొలాలు, ఆ తరువాత మహానది వంతెన, భద్రక్, బాలాసోర్. జలేశ్వర్ దాటితే బెంగాల్ ప్రవేశిస్తాము. నేల ఎర్రబడుతుంది. హిజ్లీ స్టేషను రాగానే ఖరగ్‌పూర్ వచ్చినట్లే.

హిజ్లీ పేరు వింటే ఒక్క క్షణం ఆగవలసిందే. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ నిర్బంధ శిబిరం నడిపింది. 1931 సెప్టెంబరు 16న కాపలా పోలీసులు జరిపిన కాల్పులలో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు నిర్బంధితులు మరణించారు. 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. ఆ భవనంలోనే ఆరంభమైంది. చెరసాల చదువుల బడిగా మారిన ఆ కట్టడాన్ని బాబాయిగారు దగ్గరుండి చూపించారు. అక్కడి నుంచి గోల్ బజారుకు తీసుకొని వెళ్ళారు. పేరులోనే గుండ్రదనమున్న ఆ బజారులో బెంగాలీ మిఠాయి దుకాణం, గుజరాతీ బట్టల కొట్టు, తెలుగువారి ఇడ్లీ బండి ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. ఈ ఊరిని చిన్న భారతదేశమని పిలుచుకోవడంలో అతిశయోక్తి లేదు.

ఇక క్రాస్ స్టిచ్ సంగతి. ఈ కుట్టు తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. నిలువు పేటలు, అడ్డ పేటలు సమానంగా నేసిన గళ్ళ గుడ్డ మీద, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క ఇంటూ మార్కు వేయడమే ఈ పని. ఆ గుడ్డను మన దుకాణాలలో మ్యాటీ గుడ్డ అంటారు. దారపు లడిలో ఆరు పేటలు కలిసి ఉంటాయి. అంగుళానికి పద్నాలుగు గళ్ళ గుడ్డకు అందులో నుంచి రెండు పేటలు విడదీసి తీసుకొంటే సరిపోతుంది. ఒక వాలు కుట్టు, దాని మీద ఎదురు వాలు కుట్టు. మీది కుట్లన్నీ ఒకే వైపుకు వాలి ఉండాలి. లేకపోతే వెలుతురు పడినప్పుడు పని గజిబిజిగా కనిపిస్తుంది. ఇందులో గీత గీసే నేర్పు అవసరం లేదు. లెక్క తప్పకపోవడమే నేర్పు.

ఇది పరదేశపు కుట్టు అని కొందరు తలుస్తారు గాని, కర్ణాటక కసూతిలో మెంతి అనే కుట్టు అచ్చంగా ఇదే. పాలస్తీనా స్త్రీలు తమ దుస్తుల మీద తరతరాలుగా కుట్టే ఎర్రని ఇంటూ కుట్లను 2021లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ స్త్రీలు ఎక్కడ తలదాచుకొన్నా, వారి కుట్టును బట్టి వారి గ్రామమేదో పోల్చుకొనేవారట. ఇంగ్లండులో ఆడపిల్లలకు అక్షరమాల కుట్టడం ఒక చదువుగా ఉండేది. తేదీ గల బ్రిటిష్ నమూనా గుడ్డలలో అత్యంత పురాతనమైనది 1598 నాటిది. జేన్ బోస్టాక్ అనే స్త్రీ, ఆలిస్ లీ అనే పసిపిల్ల పుట్టిన తేదీని, అక్షరమాలను దానిపై కుట్టింది. ఇప్పుడది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పసిబిడ్డ కోసం ఎవరో అక్షరాలు కుట్టడం నాలుగు వందల ఏళ్ళనాటి సంగతి అన్నమాట.

నేను పదిహేనవ ఏట ఈ కుట్టు నేర్చాను. పెళ్ళికి ముందు గులాబీలు, హంసలు, నెమళ్ళు ఎన్ని కుట్టానో లెక్క లేదు. తరువాత ఉద్యోగం, పిల్లలు, షిఫ్టు మారే భర్త, వారి భోజన వేళలు. నలభై దాటాక కళ్ళద్దాలు వచ్చాయి. వ్యవధి లేక మానివేశానని అందరితోనూ చెబుతూ వచ్చాను. కాని పిల్లలు పై చదువులకు వెళ్ళి, సాయంకాలాలు ఖాళీ అయినప్పటికీ సూది తాకబుద్ధి కాలేదు. నెమలిని కుట్టి ఎవరికి చూపాలి? బజారులో అంతకంటె అందమైన అచ్చు గలీబు నూట యాభై రూపాయలకు వస్తుంది కదా? ఈ ప్రశ్నకు నా వద్ద జవాబు లేదు. ఆ జవాబు లేని స్థితిలోనే నేను ఖరగ్‌పూర్ ప్రదర్శనకు వెళ్ళాను.

ప్రదర్శన ఒక సాధారణమైన సమావేశ మందిరంలో ఏర్పాటైంది. బల్లల మీద తెల్లని దుప్పట్లు పరచి, వాటిపై వస్తువులు సర్దారు. ఒక వైపు బెంగాలీ స్త్రీల కాంథా పని. పాత చీరలను పొరలు పొరలుగా పేర్చి, వాటి అంచుల నుంచి తీసిన దారంతోనే పూర్వం కాంథా కుట్టేవారు. ఆ సాదా పరుగు కుట్టుతో చేపలు, పడవలు, తామరలు ఎలా కదిలిపోతున్నాయో చూసి తీరవలసిందే. మరొక వైపు, అదే జిల్లాలోని సబంగ్ ప్రాంతపు మాదుర్ చాపలు. పింగ్లా సమీపాన నయా గ్రామపు చిత్రకారులు వేసిన పటాలు. మన గోదావరి జిల్లాల నరసాపురం లేసును తలపించే క్రోషే అల్లికలు తెలుగువారి బల్లపై ఉన్నాయి. ఒక ఆంగ్లో ఇండియన్ వృద్ధురాలు తన తల్లి కుట్టిన క్రాస్ స్టిచ్ టేబుల్ క్లాత్‌ను తీసుకొని వచ్చి, దానిని ఎవరూ తాకకుండా పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నారు.

కాంథాకు, క్రాస్ స్టిచ్‌కు ఉన్న భేదం నాకు అక్కడ బాగా అవగతమైంది. కాంథాలో సూది వాగులాగా సాగిపోతుంది. క్రాస్ స్టిచ్‌లో సూది రైలు వంటిది. వేసిన గడిలోనే నడవాలి. వంపు తిరగాలంటే మెట్లు మెట్లుగానే తిరగాలి. అందుకే ఇంగ్లీషు అక్షరాలు ఈ కుట్టులో సులువుగా ఇముడుతాయి. అయిదు గళ్ళ వెడల్పు, ఏడు గళ్ళ ఎత్తు ఉంటే ఒక పెద్ద అక్షరం వచ్చేస్తుంది. మన అక్షరాల సంగతి అలా కాదు. మనవి గుండ్రనివి. పైన తలకట్టు, గుడి, ఏత్వం, నడుమ అక్షరపు పొట్ట, కింద వత్తు. మూడు అంతస్తుల ఇల్లు కట్టినట్లు ఉంటుంది. నా కాలంలో తెలుగు అక్షరాలను గళ్ళలో కుట్టినవారిని నేను చూడలేదు. "స్వీట్ డ్రీమ్స్" అని ఇంగ్లీషులోనే కుట్టేవాళ్ళం.

అటువంటి నాకు, తెలుగువారి బల్ల చివర గోడకు వ్రేలాడుతున్న ఒక గుడ్డ కనిపించింది. ముదురు నీలి దారంతో అ, ఆ, ఇ, ఈ వరుసగా కుట్టి ఉన్నాయి. నాలుగు అడుగుల దూరం నుంచి చూస్తే ఎవరో చేతితో వ్రాసినట్లు గుండ్రంగా ఉన్నాయి. దగ్గరకు వెళ్ళి చూస్తే అన్నీ ఇంటూ కుట్లే. గుడ్డ కింద డెబ్బై అయిదేళ్ళ పైబడిన ఒక మామ్మగారు కూర్చుని ఉన్నారు.

"ఏటమ్మా, అలగ సూస్తన్నావు? నీకూ వచ్చునా ఈ కుట్టు?" అని అడిగారు.

"వచ్చును మామ్మగారూ, మానేసి చాలా కాలమైంది. ఈ అక్షరాలు ఏ పుస్తకంలోవి?"

"పుస్తకమెక్కడిదమ్మా! మా మనవడి గ్రాఫు కాగితాల మీద నేనే సుక్కలెట్టుకున్నాను" అంటూ ఒక చిన్న సంచి విప్పారు. అందులో పెన్సిలుతో నింపిన గ్రాఫు కాగితాలు దొంతరగా ఉన్నాయి. కొన్నింటిని చెరిపి మళ్ళీ గీసిన గుర్తులు. 'శ' ఒక్కదానికే ఆరు కాగితాలు.

మామ్మగారు పదిహేడవ ఏట ఆముదాలవలస ప్రాంతం నుంచి కొత్త పెళ్ళికూతురిగా ఖరగ్‌పూర్ వచ్చారట. భర్త లోకో షెడ్డులో పని చేశారు. కుట్టుపనిని రైల్వే హస్తకళా కేంద్రంలో నేర్చారు. కొడుకులు తెలుగులో చదువుకొన్నారు. మనవలు ఇంగ్లీషు బడిలో చదువుతూ, రెండవ భాషగా హిందీనో బెంగాలీనో తీసుకొన్నారు.

"మా సిన్న మనవడు తెలుగు బాగానే మాటాడతాడమ్మా. రాసింది సూపిస్తే మట్టుకు బొమ్మని సూసినట్టు సూస్తాడు. పలకెట్టి కూకోబెడితే పారిపోతాడు. కుట్టుతుంటే మట్టుకు పక్కన కూకుని, ఎన్ని గళ్ళయ్యాయి మామ్మా అని లెక్కెడతాడు. సరే, లెక్కలోంచే అక్షరం సూపిద్దామని మొదలెట్టాను" అన్నారు.

ఆ మాటకు నాకు ఏమి చెప్పాలో తోచలేదు. ఊళ్ళో ఎందరి ఇళ్ళలోనో ఇదే స్థితి అని పిన్ని తరువాత చెప్పింది. ఒక తరం తెలుగులో ఉత్తరాలు వ్రాసింది. రెండవ తరం చదివింది. మూడవ తరం ఫోనులో మాట్లాడుతున్నది. అధికార భాషగా ప్రభుత్వం ఇచ్చే గౌరవం గొప్పదే. అయినప్పటికీ ఒక పిల్లవాడు 'ర'ను చూసి 'ర' అని పలకడమన్నది ఏదో ఒక ఇంట్లో, ఎవరో ఒకరి ఒడి పక్కనే జరగాలి. ఆ మామ్మగారు పట్టుకొన్నది ఆ కొసనే.

వంపు ఎలా తెచ్చారని అడిగాను. ఆమె చిరునవ్వు నవ్వి, "అక్షరాలన్నీ సున్నాలే గదమ్మా. సున్న సుట్టడం వచ్చిందంటే తెలుగంతా వచ్చీసినట్టే" అన్నారు. ఆమె సూత్రం నాలుగు, రెండు, రెండు, నాలుగు. మన పాఠకులు కాగితం మీద ప్రయత్నించి చూడవచ్చు. పై వరుసలో నాలుగు గళ్ళు అడ్డంగా నింపాలి. ఒక మెట్టు దిగి రెండు గళ్ళు అడ్డంగా. ఆ పక్క నిలువు వరుసలో రెండు గళ్ళు కిందకు. దాని పక్క నిలువు వరుసలో నాలుగు గళ్ళు కిందకు. అదే తీరున నాలుగు వైపులా తిప్పుకొని వస్తే పన్నెండు గళ్ళ వెడల్పు, పన్నెండు గళ్ళ ఎత్తు గల సున్న పూర్తి అవుతుంది. మొత్తం ముప్పై రెండు ఇంటూ కుట్లు. అందులో ఒక్కటి తప్పినా సున్న కోడిగుడ్డు అవుతుంది. ఆ సున్నకు తలకట్టు పెడితే 'ర'. సున్న నడుమ చుక్క వేసి తలకట్టు పెడితే 'ఠ'. తక్కిన అక్షరాలకు సున్నను ఎక్కడో ఒక చోట తెరచి, తోక తగిలించాలి. పొట్టకు పన్నెండు గళ్ళు, పైన తలకట్టుకు అయిదు, కింద వత్తుకు ఏడు. మొత్తం ఇరవై నాలుగు గళ్ళ ఎత్తులో తెలుగు అక్షరం నిండుగా నిలుస్తుందని ఆమె పదేపదే చెరిపి, గీసి తెలుసుకొన్నారు. ఏ శాస్త్రం చదవని ఆ తల్లి చేసినది అచ్చుయంత్రానికి అక్షరాలు చెక్కే నిపుణుల పనికి ఏమాత్రం తీసిపోదు.

ఆ సాయంకాలం ప్రదర్శన ముగిసిన తరువాత ఏడెనిమిది మందిమి అక్కడే చాప వేసుకొని కూర్చున్నాము. మామ్మగారి గ్రాఫు కాగితాలు మా నడుమ పరచుకొన్నాము. పిన్ని నా చేతికి ఒక మ్యాటీ ముక్క, సూది, మూరెడు దారం ఇచ్చింది. మూరకు మించితే దారం చిక్కుపడుతుందని చిన్ననాడు మా అమ్మ చెప్పిన మాట చేతివేళ్ళకే గుర్తుకు వచ్చింది. బెజ్జంలో దారం ఎక్కించడానికి మూడు మార్లు ప్రయత్నించవలసి వచ్చింది. పక్కనున్న బెంగాలీ సోదరి నవ్వుతూ తన భూతద్దం నా వైపుకు జరిపింది. ఆమెకు తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు. అయినా నేను నాలుగవ గడి దాటి అయిదవ గడిలో సూది గుచ్చబోతుండగా ఆమె నా చేయి పట్టి ఆపింది. లెక్కకు భాష అక్కరలేదు కదా!

గంటన్నరలో నా 'ర' పూర్తి అయింది. అంతసేపూ మాటలు సాగుతూనే ఉన్నాయి. ఒకరి కోడలి కాన్పు, మరొకరి మోకాళ్ళ నొప్పి, కాంథాలో చేప కన్ను కుట్టే తీరు, 'ణ'కు 'జ'కు మధ్య పోలిక. కుట్టుపని నాకు ఎందుకు దూరమైందో అప్పుడు బోధపడింది. వ్యవధి లేకపోవడమూ కాదు, చూపు తగ్గడమూ కాదు. చిన్ననాడు నేను కుట్టినప్పుడల్లా పక్కన అక్కయ్యలు, పిన్నులు, ఎదురింటి స్నేహితురాళ్ళు ఉండేవారు. వారు చెదరిపోయారు. ఒంటరిగా చేసిన పనికి విలువ కట్టవలసి వచ్చినప్పుడు నూట యాభై రూపాయల గలీబు గెలిచింది. పదిమందిలో చేసిన పనికి ఎవరూ ధర అడగరు. "ఎంత వరకు వచ్చింది?" అని మాత్రమే అడుగుతారు. అభిరుచికి ఆ ప్రశ్నే ఊపిరి. పొట్ట చేతపట్టుకొని నలుమూలల నుంచి వచ్చిన జనం ఖరగ్‌పూర్‌లో భజన మండలులు, నాటక సమాజాలు, ఆటల సంఘాలు ఎందుకు ఇంత శ్రద్ధగా నడుపుకొన్నారో కూడా నాకు అర్థమైంది. పుట్టిన ఊరు వదలి వచ్చినవారికి సాటివారి తోడు తమంతట తాము కూర్చుకోక తప్పదు.

రెండవ రోజు మామ్మగారి మనవడు వచ్చాడు. తొమ్మిదేళ్ళ వాడు. గోడమీది గుడ్డ వైపు చూపి, "ఇందులో నాకు పదకొండు తెలుసు" అన్నాడు. ఏవో చెప్పమంటే, గళ్ళ లెక్కతో సహా చెప్పాడు. "ఠ అంటే ముప్పై రెండు, మధ్యలో ఒకటి" అన్నాడు. తక్కినవి ఎప్పటికి వస్తాయని బాబాయిగారు పరిహాసంగా అడిగారు. "మామ్మ కుట్టినప్పుడు" అని ఠక్కున జవాబిచ్చి, మిఠాయి బల్ల వైపు పరుగు తీశాడు. మామ్మగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకొన్నారు. ఇంకా నలభైకి పైగా అక్షరాలు మిగిలి ఉన్నాయి. ఆమెకు ఒక కంటిలో శుక్లం ముదురుతున్నదని వైద్యులు చెప్పారట. గ్రాఫు కాగితాలను ఇంటింటికీ పంచుతున్నది అందుకేనని పిన్ని నా చెవిలో చెప్పింది.

తిరుగు ప్రయాణంలో విజయనగరం స్టేషనులో రైలు ఆగినప్పుడు కిటికీ నుంచి ఎలక్ట్రానిక్ బోర్డును చూశాను. రైలు పేరు తెలుగులో వెలుగుతున్నది. ఏళ్ళ తరబడి చూసిన బోర్డే. ఆ రోజు మాత్రం అందులోని ఎర్రని చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అక్కడి అక్షరాలు కూడా చదరపు గళ్ళలో చుక్కలు పేర్చి చేసినవే. ఆ బోర్డుకు అక్షరాలు కూర్చిన ఇంజనీరు ఎవరో గాని, ఆయన కూడా వత్తుకు చోటు చాలక తల పట్టుకొనే ఉంటారు. మామ్మగారి గ్రాఫు కాగితం, రైల్వే వారి దీపాల బోర్డు ఒకే లెక్కను రెండు చోట్ల చేస్తున్నాయి.

ఇంటికి వచ్చిన మరునాడే కొలతలు వేసుకొన్నాను. యాభై ఆరు అక్షరాలను వరుసకు ఎనిమిది చొప్పున ఏడు వరుసలుగా పేర్చి, అక్షరానికి ఇరవై నాలుగు గళ్ళు, నడుమ నాలుగు గళ్ళ ఖాళీ విడిస్తే వెడల్పు 220 గళ్ళు, ఎత్తు 192 గళ్ళు వస్తుంది. అంగుళానికి పద్నాలుగు గళ్ళ గుడ్డ మీద ఇది సుమారు నలభై సెంటీమీటర్ల వెడల్పు, ముప్పై అయిదు సెంటీమీటర్ల ఎత్తు. ఫ్రేము కట్టడానికి నలువైపులా మరో ఎనిమిది సెంటీమీటర్లు విడవాలి. గుడ్డను ముందుగా తడిపి ఆరవేసుకోవడం మంచిది. ముదురు రంగు దారాన్ని తెల్లని తడి గుడ్డలో అద్ది, రంగు దిగదని నిర్ధారించుకోవాలి. 'ఋ', 'ఝ' వంటి అక్షరాలు తమ గడి చాలక పక్కవారి చోటు కూడా అడుగుతాయి. వాటిని వరుస చివర పెట్టుకొంటే తగవు ఉండదు.

ఇప్పుడు మన టౌన్‌షిప్‌లో శనివారం సాయంకాలాలు నలుగురం మా ఇంటి వరండాలో కూర్చుంటున్నాము. అందరిలోకి చురుకైన చేయి రోలింగ్ మిల్లులో పని చేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దమనిషిది. భార్యకు తోడుగా వచ్చి, రెండు వారాలకే సూది అందుకొన్నారు. మైక్రోమీటరు పట్టిన చేతికి గడి తప్పడం తెలియదని ఆయన గర్వం. ఒక్కొక్క అక్షరం పూర్తి కాగానే దాని గ్రాఫును శుభ్రంగా తిరగ గీసి, ఖరగ్‌పూర్‌కు తపాలాలో పంపుతున్నాము. ఫోనులో ఫోటో పంపవచ్చు గాని, మామ్మగారు కాగితమే కావాలన్నారు. కంటి శస్త్రచికిత్సకు తేదీ ఇచ్చారు. కన్ను కుదుటపడే వరకు ఆమె మనవనికి అక్షరాలు ఆగిపోకూడదని మా పట్టుదల.

అచ్చులు పూర్తి అయినాయి. హల్లులలో 'భ' వరకు వచ్చాము. దాని పొట్ట కిందకు దిగే చిన్న గీత ఇంకా కుదరడం లేదు. మూడు కాగితాలు చెరిగాయి. గళ్ళ కాగితం, పెన్సిలు, కొంత ఓపిక గల సహోద్యోగులు, వారి కుటుంబ సభ్యులు ఎవరైనా శనివారం సాయంకాలం అయిదు గంటలకు మా వరండాకు దయచేయవచ్చును. రబ్బరు ముక్క మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి.